మన మాటలు దాచేందుకు ఏ కంప్యూటర్ భాష?

2011 జనాభా లెక్కల్లో మన భాషలను వెతికితే అవి వేరే భాషల నీడలో కనబడతాయి. లంబాడీని హిందీ కింద ఒక వరుసగా వేశారు. సుమారు 32 లక్షల 76 వేల మంది అదే తమ తల్లిభాష అని చెప్పుకున్నా లెక్క మాత్రం హిందీలో కలిసింది. ఎరుకల భాష తమిళం కింద ఒక వరుస, 58 వేల మంది. చెంచులు మాట్లాడేదానికి ఆ వరుస కూడా లేదు, అది తెలుగులోనే కలిసిపోయింది. తాండాలో, గూడెంలో, ఎరుకల వాడలో పుట్టి పెరిగిన మనకు ఇది కొత్త సంగతి కాదు. బడిలో అడుగుపెట్టిన రోజు నుంచీ మన మాట ఇంకెవరి మాట కిందో ఉంటుందని నేర్చుకుంటూనే వచ్చాం.

మేము నంద్యాల, ఆళ్లగడ్డ చుట్టుపక్కలవాళ్లం. మాలో సుగాలీలు ఉన్నారు, ఎరుకలవాళ్లు ఉన్నారు, బైర్లూటి వైపు నుంచి వచ్చిన చెంచు మిత్రుడు ఉన్నాడు. ఒకరు బడిలో పాఠం చెబుతారు, ఇద్దరు నంద్యాలలో ఇంజనీరింగ్ చదువుతున్నారు, ఒకరు సెల్‌ఫోన్ రిపేరు అంగడి నడుపుతారు. అందరం కలిసి మా భాషల మాటలను, వాటి పలుకుతో సహా దాచిపెట్టే ఒక మాటల పెట్టె చేయాలనుకున్నాం. వెబ్‌లో ఉండాలి, ఎవరైనా వాడుకోవాలి, ఎవరైనా దాని లోపలి పనితనాన్ని చూసి బాగుచేయాలి. ఇలాంటిదాన్నే ఓపెన్ సోర్స్ అంటారు. పని మొదలుపెట్టగానే ముందుకొచ్చిన ప్రశ్న ఏ ప్రోగ్రామింగ్ భాషలో రాయాలి, ఏ ఫ్రేమ్‌వర్క్ మీద కట్టాలి అన్నది. ఆ ప్రశ్న దగ్గరే మాకు చాలా రోజులు పట్టింది. పట్టాల్సిందే. మేము ఎలా ఆలోచించామో ఇక్కడ రాస్తున్నాం. రేపు మీరు మీ తాండా కోసమో, మీ బడి కోసమో ఇలాంటిది చేయబోతే ఈ ఆలోచన పనికొస్తుంది.

ముందు మాటలు తేట చేసుకుందాం. ప్రోగ్రామింగ్ భాష అంటే కంప్యూటర్‌కు పని చెప్పే భాష. పైథాన్, పీహెచ్‌పీ, జావా, జావాస్క్రిప్ట్ ఇవన్నీ అలాంటివే. ఫ్రేమ్‌వర్క్ అంటే ఆ భాషలో ముందే నిలబెట్టి ఉంచిన గుంజలు, దూలాలు, వాసాలు. కొట్టం వేసుకునేటప్పుడు ప్రతిసారీ అడవికి పోయి గుంజ కొట్టుకురావాల్సిన పని లేకుండా ఎవరో నిలబెట్టి ఇచ్చారనుకోండి. పైన బోద కప్పుకోవడం, తడిక కట్టుకోవడం, పొయ్యి ఎక్కడ పెట్టాలో చూసుకోవడం మన పని. పైథాన్‌కు జాంగో, ఫ్లాస్క్ ఉన్నాయి. పీహెచ్‌పీకి లారవెల్ ఉంది. జావాస్క్రిప్ట్‌లో రియాక్ట్ లాంటివి ఉన్నాయి. గుంజలు ఎవరివో, ఎంత కాలం నిలుస్తాయో, విరిగితే మార్చేవాళ్లు మన ఊళ్లో ఉన్నారో లేరో చూసుకోకుండా కొట్టం వేయకూడదు కదా.

ఆళ్లగడ్డ శిల్పులను మనమంతా చూస్తూనే ఉంటాం. వాళ్లు ముందు రాయిని చూస్తారు, తట్టి దాని మోత వింటారు, ఆ తర్వాతే ఉలి తీస్తారు. మేమూ ముందు రాయినే చూశాం. మా మాటల పెట్టెలో ఏం ఉండాలో ఒక నోటు పుస్తకంలో రాసుకున్నాం. ఒక మాట, తెలుగు లిపిలో దాని రూపం, దాన్ని పలికిన గొంతు, తెలుగులో అర్థం, వాడే తీరు చూపే ఒక వాక్యం, ఏ ఊళ్లో అలా అంటారో ఆ వివరం. చెప్పినవాళ్లు ఒప్పుకుంటేనే వాళ్ల పేరు. ఆ తర్వాత ఇంకో నాలుగు సంగతులు రాసుకున్నాం. కంప్యూటర్ చదువుకోని టీచరు కూడా మాట ఎక్కించగలగాలి. సిగ్నల్ లేని గూడెంలో కూడా వినబడాలి. పాత ఫోన్‌లో కూడా తెరుచుకోవాలి. మాలో ఎవరు ఊరు విడిచిపోయినా పని ఆగకూడదు.

ఈ చివరి సంగతే అన్నిటికంటే బరువైనది. మన పిల్లలు ఇంజనీరింగ్ అయిపోగానే ఎక్కడికి పోతారో మీకు తెలుసు. బెంగళూరు, హైదరాబాద్, చెన్నై. పోవాలి కూడా, ఇంట్లో అప్పులు ఉంటాయి, చెల్లెలి చదువు ఉంటుంది. కాబట్టి ఒక్కడికే తెలిసిన భాషలో పెట్టె కడితే ఆ ఒక్కడు బస్సెక్కిన రోజే పెట్టెకు తాళం పడుతుంది. అందుకని ఏ భాష గొప్పది అనే ప్రశ్నను మేము పక్కన పెట్టాం. వచ్చే ఏడు, ఆ పై ఏడు నంద్యాలలో దీన్ని చదివి బాగుచేయగలిగేవాళ్లు ఏ భాషలో ఎక్కువ దొరుకుతారు అని అడిగాం. ప్రశ్న మారేసరికి జవాబుల జాబితా చాలా చిన్నదైపోయింది.

మొదట పీహెచ్‌పీని చూశాం. దీన్ని తక్కువగా చూసేవాళ్లు చాలామంది ఉన్నారు, ఆ చూపు సరికాదు. తెలుగు వికీపీడియా 2003 నుంచి నడుస్తున్నది పీహెచ్‌పీలో రాసిన మీడియావికీ మీదనే. అదే 2003లో వచ్చిన వర్డ్‌ప్రెస్ కూడా పీహెచ్‌పీనే, ఇవాళ ప్రపంచంలోని వెబ్‌సైట్లలో 40 శాతానికి పైగా దాని మీద ఉన్నాయి. చిన్న భాషల నిఘంటువులను వెబ్‌లో పెట్టే వెబోనరీ అనే వ్యవస్థను కూడా వర్డ్‌ప్రెస్ మీదనే కట్టారు. తక్కువ డబ్బుకు దొరికే సర్వర్లలో పీహెచ్‌పీ తప్పకుండా ఉంటుంది. ఇవన్నీ నిజమైన లాభాలు. మాకు వచ్చిన ఇబ్బంది వేరే. వర్డ్‌ప్రెస్ పుట్టింది వ్యాసాలు పెట్టుకోవడానికి. మాట, గొంతు, ఊరు, అనుమతి ఇలా విడివిడి గడులు కావాలంటే పైన ఒకదాని మీద ఒకటి ప్లగిన్లు పేర్చుకుంటూ పోవాలి. ప్రతి ప్లగిన్ వేరే మనిషిది. వాటిలో ఏది ఎప్పుడు ఆగిపోతుందో మన చేతిలో ఉండదు.

రెండోది జావాస్క్రిప్ట్. మనం తెలుగు టైపు చేయడానికి వాడుకున్న లేఖినిని గుర్తు తెచ్చుకోండి. వీవెన్ తయారుచేసింది. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే పక్కనే తెలుగు వస్తుంది. ఆ పనంతా మన బ్రౌజర్‌లోనే, జావాస్క్రిప్ట్‌తో జరుగుతుంది. ఫోన్‌లో, కంప్యూటర్‌లో ఎక్కడ చూసినా ఈ భాష ముందే ఉంటుంది, ఎక్కించుకోవాల్సిన పని లేదు. అందుకే మా పెట్టెలోనూ దానికి చోటు ఉంది. కానీ మొత్తం పెట్టెను రియాక్ట్ లాంటి వాటి మీద కట్టాలా అన్నది వేరే ప్రశ్న. అలా కట్టినప్పుడు వందల చిన్న చిన్న ప్యాకేజీలు వెంట వస్తాయి. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అనే పదకొండు వరుసల ప్యాకేజీని దాని యజమాని వెనక్కి తీసుకుంటే ప్రపంచమంతటా ఎన్నో ప్రాజెక్టులు ఒక్కసారిగా కట్టుబడకుండా ఆగిపోయాయి. 2010లో గూగుల్ తెచ్చిన ఆంగులర్‌జేఎస్‌కు 2021 డిసెంబరుతో ఆదరణ ముగిసింది. దాని మీద కట్టుకున్నవాళ్లు మళ్లీ కట్టుకోవాల్సి వచ్చింది. పెద్ద కంపెనీకి మళ్లీ కట్టుకునే మనుషులు ఉంటారు. మనకు ఉండరు.

పైథాన్‌కు ఇలాంటి మచ్చ లేదని మేము చెప్పడం లేదు. పైథాన్ 2 కు 2020 జనవరి 1తో కాలం తీరింది, దానిలో రాసినవాళ్లంతా పైథాన్ 3 లోకి మార్చుకోవాల్సి వచ్చింది. కానీ ఆ సంగతి ఏళ్ల ముందు నుంచీ చెబుతూ వచ్చారు. జాంగో కూడా ఎక్కువ కాలం ఆదరించే కూర్పు ఫలానాది అని ముందే ప్రకటిస్తుంది. ఉదాహరణకు 5.2 కూర్పు 2025 ఏప్రిల్‌లో వచ్చింది, దానికి 2028 ఏప్రిల్ వరకు భద్రతా మరమ్మతులు ఇస్తామన్నారు. ఎప్పుడు వాన వస్తుందో తెలిస్తే కప్పు ముందే సరిచేసుకుంటాం. మాకు కావాల్సింది ఆ కబురే.

వీటన్నిటికంటే ముందు ఒక చిన్న పరీక్ష పెట్టాం. మీరు కూడా ఇంట్లో చేసి చూడొచ్చు. "పిల్ల" అనే మాటలో ఎన్ని అక్షరాలు? ఒకటో తరగతి పిల్ల కూడా రెండు అంటుంది. పైథాన్‌ను అడిగితే ఐదు అంటుంది. జావాస్క్రిప్ట్ కూడా ఐదే అంటుంది. పీహెచ్‌పీలో మామూలుగా అడిగితే 15 అంటుంది. ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. యూనికోడ్‌లో ప, గుడి, ల, పొల్లు, మళ్లీ ల అని ఐదు ముక్కలు ఉన్నాయి. యూటీఎఫ్-8 పద్ధతిలో ఒక్కో తెలుగు ముక్కకు మూడు బైట్లు పడతాయి, అందుకే 15. మన లెక్క ప్రకారం రెండు అక్షరాలు రావాలంటే ఏ భాషలోనైనా ప్రత్యేకంగా చెప్పాల్సిందే. పిల్లలకు అక్షరాల ఆట ఒకటి కట్టాలనుకునే టీచరు ఈ సంగతి మొదట తెలుసుకోవాలి. లేకపోతే "పిల్ల" అని సరిగా రాసిన పిల్లకు కంప్యూటర్ తప్పు వేస్తుంది.

ఇంకో సంగతి అకారాది క్రమం. తెలుగులో చాప, జాబు అన్నప్పుడు పలికే చ, జ లు వేరు. మన మాటల్లోనూ ఆ పలుకు ఉంది. దాన్ని చూపడానికి ౘ, ౙ అనే అక్షరాలు యూనికోడ్‌లోకి 2008లో వచ్చాయి. ఆలస్యంగా వచ్చాయి కాబట్టి వాటికి చివర ఎక్కడో చోటు దొరికింది. కంప్యూటర్‌ను దాని దారిన వదిలేస్తే ౘ తో మొదలయ్యే మాటలన్నీ హ తర్వాత, జాబితా అడుగున పడతాయి. అక్కడ కూడా మన పలుకు చివరి బెంచీలోనే. పైథాన్‌లో నాలుగు వరుసలు రాసి ౘ ను చ పక్కన కూర్చోబెట్టాం. ఆ నాలుగు వరుసలు ఎందుకు రాశామో తెలుగులోనే పక్కన వివరణ రాశాం. ఏ భాషలోనైనా ఈ పని చేయొచ్చు. కానీ పైథాన్‌లో రాసింది డిగ్రీ మొదటి ఏడు పిల్లవాడు చదివి అర్థం చేసుకున్నాడు. ఆ చదవగలగడమే మాకు ముఖ్యం.

భాషల పేర్ల దగ్గర మాత్రం మంచి కబురు ఉంది. జనాభా లెక్క మనలను వేరే వరుసల కింద వేసినా, ప్రపంచ భాషలకు సంకేతాలు ఇచ్చే ఐఎస్‌ఓ 639-3 అనే ప్రమాణంలో మనకు విడి పేర్లు ఉన్నాయి. లంబాడీకి ఎల్‌ఎమ్‌ఎన్, ఎరుకలకు వైఈయూ, చెంచుకు సీడీఈ. వెబ్ పేజీ రాసేటప్పుడు ఈ మాట ఏ భాషది అని చెప్పే చోటు ఒకటి ఉంటుంది. చాలామంది అక్కడ తెలుగు అనో ఇంగ్లీషు అనో వేసి వదిలేస్తారు. మేము ప్రతి మాటకూ దాని సొంత సంకేతం, దాని పక్కన తెలుగు లిపి సంకేతం వేశాం. చూసేవాళ్లకు కనబడదు. వెతికే యంత్రాలకు కనబడుతుంది. ఏ ఫ్రేమ్‌వర్క్‌లోనైనా ఇది చేయొచ్చు, ఖర్చు లేదు. మీరు రేపు చిన్న పేజీ కట్టినా ఇది మరవొద్దు.

మాలో ఇంజనీరింగ్ చదివే తమ్ముడు మాత్రం గట్టిగా వాదించాడు. "అన్నా, ఇంటర్వ్యూలో రియాక్ట్ అడుగుతారు. ఈ పని చేస్తూనే అది నేర్చుకుంటే నాకు ఉద్యోగం వస్తుంది. జాంగో నేర్చుకుంటే నాకేం ఒరుగుతుంది?" అన్నాడు. ఈ మాటను కొట్టిపారేయడానికి లేదు. తాండా నుంచి మొదటిసారి ఇంజనీరింగ్‌కు పోయిన పిల్లవాడి మీద ఇల్లంతా కన్నేసి ఉంటుంది. భాష కోసం నీ బతుకు వదులుకో అని వాడికి చెప్పే హక్కు మాకు లేదు. చెల్లెలు వేరే మాట అంది. "రియాక్ట్ నువ్వు నంద్యాలలో ఇంకో పది చోట్ల నేర్చుకోవచ్చు. యాడి అనే మాటను ఎలా పలుకుతారో దాచే పని ఇంకెక్కడ చేస్తావు?" అంది. చివరికి ఒక దారి కుదిరింది. పెట్టె గుంజలు జాంగోవి. మాటలు వెతికే తెర ఒక్కటీ జావాస్క్రిప్ట్‌లో, బయటి ప్యాకేజీ ఏదీ లేకుండా తమ్ముడే రాయాలి. ప్యాకేజీ సాయం లేకుండా రాసినవాడికి రియాక్ట్ లోపల ఏం జరుగుతుందో తేలిగ్గా అర్థమవుతుంది. వాడి రెజ్యూమెలో చూపుకోవడానికి పదిమందీ తెరిచి చదవగల సొంత కోడ్ ఉంటుంది. పెట్టెకూ వాడికీ ఇద్దరికీ నష్టం లేదు.

జాంగో పేరు వెనక ఒక కథ ఉంది, మన పిల్లలకు చెప్పాల్సిన కథ. అమెరికాలో కాన్సస్ రాష్ట్రం లారెన్స్ అనే ఊళ్లో ఒక వార్తాపత్రిక ఉంది. దాని వెబ్ పని చూసే అడ్రియన్ హొలోవాటీ, సైమన్ విల్లిసన్ 2003లో దీన్ని మొదలుపెట్టారు. 2005లో అందరికీ ఇచ్చేశారు. విలేకరులకు ప్రోగ్రామింగ్ రాదు, కానీ వార్త వెంటనే ఎక్కించాలి. అందుకని ఎక్కించే గడులన్నీ తనంతట తానే తయారుచేసి ఇచ్చే అడ్మిన్ అనే భాగాన్ని అందులో పెట్టారు. మాకు కావాల్సింది అచ్చంగా అదే. మా టీచరుకు ప్రోగ్రామింగ్ రాదు, కానీ మధ్యాహ్నం భోజనం బెల్లులో ఒక ముసలమ్మ చెప్పిన మాటను వెంటనే ఎక్కించాలి. ఆమె మా సాయం లేకుండా మాట, అర్థం, గొంతు మూడూ ఎక్కించిన రోజే మా తీర్పు దాదాపు అయిపోయింది.

ఇక పేరు. జాంగో రైన్‌హార్ట్ గిటార్ వాయించేవాడు. 1910లో బెల్జియంలో పుట్టాడు. ఆయనది రోమానీ కుటుంబం, బండ్ల మీద ఊరూరూ తిరిగే జనం. 1928లో వాళ్ల బండికి నిప్పంటుకుని ఆయన ఎడమచేతి రెండు వేళ్లు పనికిరాకుండా పోయాయి. మిగిలిన వేళ్లతోనే కొత్త తీరు కట్టి వాయించి యూరప్ అంతా పేరు తెచ్చుకున్నాడు. రోమానీ భాష మన ఉత్తర భారత భాషల కుటుంబానికి చెందిందని భాషా పండితులు తేల్చారు. ఆ భాషలో నీళ్లను పాని అంటారు. మా గోర్ బోలిలో పాణి. వాళ్లూ మేమూ ఒక్కటే అని చెప్పుకోవాలన్న ఆరాటం మాకు లేదు, ఆ చరిత్ర తేల్చేవాళ్లు తేలుస్తారు. కానీ స్థిరమైన ఊరు లేదని తక్కువగా చూడబడ్డ జాతి మనిషి పేరు ఇవాళ ప్రపంచంలోని ఇంజనీర్లంతా పలుకుతున్నారు. ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుని దేశమంతా తిరిగిన తాతల మనవళ్లకు ఇది వినసొంపైన సంగతే. ఈ కారణంతో మేము జాంగోను ఎంచుకోలేదు. ఎంచుకున్నాక తెలిసి సంతోషపడ్డాం.

మా తీర్పును గట్టిచేసింది ఇంకొకటి, అనుమతుల సంగతి. దీన్ని మా చెంచు మిత్రుడు లేవనెత్తాడు. "మాటలంటే సరే. మా పెద్దలు ఏ ఆకు దేనికి వాడతారో, ఏ గడ్డ ఎక్కడ తవ్వుతారో చెబుతారు. అదీ అందరికీ తెరిచి పెట్టేస్తారా?" అన్నాడు. నల్లమల తెలిసినవాళ్లకు ఆ ప్రశ్న బరువు తెలుస్తుంది. కేరళలో కాణి గిరిజనుల సంగతి చూడండి. 1987లో అడవిలో దారి చూపిన కాణి మిత్రులు అలసట తెలియకుండా ఒక మొక్క కాయలు తింటుంటే పరిశోధకులు గమనించారు. ఆ మొక్క ఆరోగ్యపచ్చ. దాని నుంచి జీవని అనే మందు తయారైంది. 1995లో ఆ మందు తయారీ హక్కును ఒక కంపెనీకి 10 లక్షల రూపాయలకు, అమ్మకాల మీద 2 శాతం రాయల్టీకి ఇచ్చారు. అందులో సగం కాణి జనానికి అన్నారు. పంచుకోవడంలో ఇది మంచి ఉదాహరణ అని దేశదేశాల్లో చెప్పుకున్నారు. అయినా మొదట మాట బయటకు వచ్చింది, పంపకం ముచ్చట ఆ తర్వాత వచ్చింది. ఆ వరుస తిరగబడాలి. ముందు అడగాలి, ఆ తర్వాతే మాట బయటకు రావాలి.

అందుకని మేము రెంటినీ విడగొట్టాం. కోడ్ అంతా తెరిచి ఉంటుంది. మామూలు మాటలు, నీళ్లు, నిప్పు, చుట్టరికాలు, ఆటలు, సామెతలు తెరిచి ఉంటాయి. మందు, పూజ, అడవిలో చోట్ల సంగతులు చెప్పిన గూడెం పెద్దలు ఒప్పుకుంటేనే కనబడతాయి, లేకపోతే ఆ గూడెంవాళ్లకే. 2019లో ఆదివాసుల సమాచారం గురించి ప్రపంచ ఆదివాసీ మేధావులు కేర్ అనే సూత్రాలు ప్రకటించారు. ఉమ్మడి మేలు, అదుపు చేసే అధికారం, బాధ్యత, నీతి అనే నాలుగు మాటలు. మా మిత్రుడు వాటిని చదవలేదు, కానీ అడిగింది అదే. ఎవరు ఏం చూడొచ్చు, ఎవరు ఏం మార్చొచ్చు అనే అనుమతుల ఏర్పాటు జాంగోలో ముందే ఉంది. ఫ్లాస్క్ చిన్నది, అందమైనది, 2010లో వచ్చింది, నేర్చుకోవడానికి చాలా మంచిది. కానీ అందులో ఆ ఏర్పాటు మనమే కట్టుకోవాలి. తలుపుకు గడియ మనమే చేసుకునే కంటే, ఎంతోమంది లాగి చూసిన గడియ పెట్టుకోవడం మేలనుకున్నాం.

సిగ్నల్ లేని గూడెం ముచ్చట మిగిలింది. అహోబిలంలో సంక్రాంతికి పారువేట మొదలవుతుంది. నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడినవాడు, చెంచుల ఇంటి అల్లుడు. తన పెళ్లికి రమ్మని పిలవడానికి పల్లకిలో ఊరూరూ తానే తిరుగుతాడు. జనం తన దగ్గరికి రావాలని గుడిలో కూర్చోడు. మా పెట్టె కూడా గూడేనికి తానే పోవాలి. చిన్న పైథాన్ ప్రోగ్రాం ఒకటి రాశాం. అది తెరిచి ఉంచిన మాటలన్నిటినీ మామూలు పేజీలుగా, గొంతులను ఎమ్‌పీ3లుగా ఒక ఫోల్డరులో పోస్తుంది. దాన్ని మెమరీ కార్డులో వేసి ఇస్తే చాలు. అక్కడ ఒక చిక్కు ఉంది. ఫోన్‌లో నేరుగా తెరిచిన పేజీ పక్క ఫైలును తెచ్చుకోబోతే బ్రౌజర్ ఒప్పుకోదు. అందుకని మాటల జాబితాను కూడా జావాస్క్రిప్ట్ ఫైలుగానే రాసి పేజీకి జత చేశాం. నెట్ లేకుండానే వెతుకులాట పనిచేస్తుంది. రిపేరు అంగడి అన్న దగ్గరున్న పాత ఫోన్లన్నిటిలో తెరిచి చూశాం.

మాటలు దాచే చోటుకు ఎస్‌క్యూలైట్ తీసుకున్నాం. మొత్తం మాటలు ఒక్క ఫైలులో ఉంటాయి, దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసుకోవచ్చు. దాన్ని తయారుచేసినవాళ్లు 2050 వరకు ఆదరిస్తామని చెప్పారు. ఆ పైన నెలకోసారి అన్నీ సీఎస్‌వీ అనే మామూలు పట్టికగా కూడా తీసి పెడతాం. పట్టికను ఏ కంప్యూటరైనా తెరుస్తుంది. రేపు జాంగో పోయినా, పైథాన్ పోయినా, మేమే లేకపోయినా మాటలు మిగలాలి. ఫ్రేమ్‌వర్క్ ఎంచుకునే ప్రతివాళ్లకూ మేము చెప్పే మొదటి మాట ఇది. లోపలికి ఎలా వేయాలో చూసే ముందు, బయటికి ఎలా తీసుకోవాలో చూడండి.

లైసెన్సు దగ్గర కూడా కూర్చుని మాట్లాడుకున్నాం. ఎంఐటీ లైసెన్సు అయితే ఎవరైనా తీసుకుని మార్చి, మార్పులు మూసిపెట్టుకోవచ్చు. ఏజీపీఎల్ 2007 నాటిది. దాని కింద ఇచ్చిన కోడ్‌ను మార్చి వెబ్‌లో నడిపితే ఆ మార్పులను వాడేవాళ్లకు ఇవ్వాలి. పల్లెల్లో బదులు పని తెలిసినదే. నీ చేనికి నేనొస్తే నా చేనికి నువ్వొస్తావు. మేము ఏజీపీఎల్ తీసుకున్నాం. రేపు అరకులోనో ఆదిలాబాద్‌లోనో కొండ, కోలామీ భాషలకు ఎవరైనా ఈ పెట్టె వాడుకుని ఇంకో గది కట్టుకుంటే ఆ గది మాకూ దొరుకుతుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక మాట. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004 ప్రాంతంలో గోండి, కోయ, కోలామీ, కువి, సవర, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు తెలుగు లిపిలో వాచకాలు వచ్చాయి. పిల్లలు ఇంటి మాటతో బడిలోకి వస్తే ఎంత చురుగ్గా ఉంటారో ఆ పుస్తకాలు వాడిన టీచర్లకు తెలుసు. అచ్చు పుస్తకం కొత్తగా రాకపోతే ఆగిపోతుంది. తెరిచి ఉన్న పెట్టె అలా కాదు. దానిలో ఇవాళ మీ తరగతి పిల్ల ఒక మాట వేస్తే రేపు ఇంకో తాండా పిల్ల వింటుంది. కంప్యూటర్ ల్యాబ్ లేకపోయినా ఫర్వాలేదు, మీ ఫోన్‌లో ఉన్న రికార్డరు చాలు.

తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఇంకో మాట. ఏ లాంగ్వేజ్ నేర్చుకుంటే మంచిది అని మీరు అడుగుతుంటారు. మా పెట్టెకు పైథాన్, జాంగో కుదిరాయి. మీ పనికి పీహెచ్‌పీ కుదరొచ్చు, ఏ ఫ్రేమ్‌వర్కూ లేని నాలుగు పేజీలే చాలొచ్చు. ఎవరు వాడతారు, ఎవరు బాగుచేస్తారు, ఎవరి అనుమతి కావాలి, బయటికి ఎలా తీస్తారు అనే నాలుగు ప్రశ్నలు ముందు కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం పట్టుకుని మీ అవ్వ దగ్గర కూర్చోండి. ఇరవై మాటలు అడగండి, ఆమె ఒప్పుకున్నవి రికార్డు చేయండి. కంప్యూటర్ భాషలు వస్తుంటాయి, పోతుంటాయి, మళ్లీ నేర్చుకోవచ్చు. అవ్వ దగ్గర ఉన్న మాటలకు ఇంకో కూర్పు రాదు.